చేపల మేతలో సముద్రపు నాచు కలపడం ఎలా?

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల్లో చేపలకు పడే మేతలో ఎక్కువ భాగం డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు. దానికి తోడు వేరుశనగ చెక్కో, పత్తి చెక్కో ఉంటుంది. ఇందులో సముద్రపు నాచు పొడి కూడా కలపొచ్చు. నాచులో అయోడిన్, రకరకాల ఖనిజాలు, చేపల్లో రోగనిరోధక శక్తికి తోడ్పడే కొన్ని పదార్థాలు ఉంటాయి. మాంసకృత్తులు మాత్రం తక్కువ. గోధుమ రంగు నాచుల్లో చాలావాటికి ఎండు బరువులో 10 శాతం అటూ ఇటూగా ఉంటాయి. వేరుశనగ చెక్కలో 40 శాతం దాకా ఉంటాయి. కాబట్టి చెక్క తగ్గించి ఆ స్థానంలో నాచు వేస్తే నష్టపోయేది రైతే. చెక్కను అలాగే ఉంచి, పైన చిటికెడు చేర్చినట్టు నాచు చేర్చాలి.

ముందు సరుకు సంగతి. మన డెల్టా తీరమంతా ఒండ్రు, ఇసుక. గోదావరి నీళ్లు కలిసే చోట ఉప్పు తగ్గుతుంది, నీరు బురదగా ఉంటుంది. నాచు పట్టుకుని పెరగడానికి రాయి కావాలి, వెలుతురు దిగే నీరు కావాలి. ఉప్పాడ దగ్గర కోత ఆపడానికి వేసిన బండరాళ్ల మీద పచ్చగా ఏదైనా కనిపించినా, అంతర్వేది ఒడ్డుకు ఏదైనా కొట్టుకొచ్చినా ఏరుకు రావద్దు. ఒడ్డున పడింది అప్పటికే కుళ్లడం మొదలై ఉంటుంది. పైగా నాచు నీటిలోని ఆర్సెనిక్, కాడ్మియం లాంటి విష లోహాలను ఒంట్లోకి పీల్చుకుంటుంది. ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీ నీరు కలిసే చోట పెరిగినదైతే అసలే వద్దు.

ఎండబెట్టిన నాచు తమిళనాడులోని మండపం, రామేశ్వరం ప్రాంతం నుంచి దొరుకుతుంది. అక్కడ వెదురు తెప్పలకు కట్టి పెంచే కప్పాఫైకస్ అనే నాచు 45 రోజుల్లో కోతకు వస్తుంది. సర్గాసమ్ అనే గోధుమ రంగు నాచు, ఉల్వా అనే పచ్చ నాచు కూడా మేతకు పనికొస్తాయి. కొనేటప్పుడు లోహాల పరీక్ష రిపోర్టు అడగండి. ఎరువుల షాపుల్లో వరికీ, కూరగాయలకీ అమ్మే నాచు ద్రావణాన్ని మాత్రం మేతలో పోయకండి. అందులో ఇంకేమేం కలిపారో తెలియదు, అది చేప తినడానికి చేసినది కాదు.

కడగడం, ఎండబెట్టడం

ఈ పని సరిగ్గా జరిగితే సగం గట్టెక్కినట్టే. కప్పాఫైకస్ బస్తా విప్పితే ముక్కల మీద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది. పట్టుకుంటే రబ్బరులా వంగుతుంది కానీ విరగదు. ఎండు నాచు అని అమ్మినా అందులో మూడో వంతు దాకా తేమ ఉండటం మామూలే. అలాగే మరకు తీసుకెళ్తే పొడి కాదు, జల్లెడకు అతుక్కుపోతుంది. దాచిపెడితే బూజు పడుతుంది. బూజు పట్టిన నాచును చెరువులో వేయకూడదు.

మంచినీళ్లలో ఐదు, పది నిమిషాలు ఉంచి, చేత్తో కలియబెట్టి, ఇసుక, గుల్లలు, తాడు ముక్కలు ఏరేయండి. గంటల తరబడి నానబెడితే పనికొచ్చే ఖనిజాలు కూడా నీళ్లలో పోతాయి. తర్వాత డాబా మీదో, కళ్లంలోనో బరకం పరిచి పలచగా ఆరబోయండి. పొద్దు వాలగానే ఎత్తేయాలి, లేకపోతే రాత్రి మంచుకు మళ్లీ మెత్తబడుతుంది. వేలితో వంచితే పుటుక్కున విరిగే దాకా ఎండాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి తర్వాత ఎండల్లో సరిపడా ఎండబెట్టి, పొడి చేయించి, లోపల ప్లాస్టిక్ కవరున్న సంచుల్లో నేలకు తగలకుండా దాచుకోండి. పొడి మెత్తగా ఉండాలి. శీలావతి, బొచ్చె లాంటి చేపలకు జీర్ణాశయం ఉండదు, మేత నేరుగా పేగులోకి పోతుంది. ముతక ముక్కలు అరక్కుండానే బయటికొచ్చేస్తాయి.

ఎంత కలపాలి?

మొదటి వారం 100 కిలోల మేతకు 1 కిలో పొడి. చేప మామూలుగా తింటుంటే రెండో వారం నుంచి 2 కిలోలు. 5 కిలోలు దాటొద్దు. 10 శాతం పైన కలిపితే చాలా రకాల చేపల్లో ఎదుగుదల తగ్గుతుంది. చిన్న చేప పిల్లలను పెంచే నర్సరీ చెరువుల్లో వాడకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

సంచి మేతలో కలిపే తీరు

మనవైపు మేతను అడుగున రంధ్రాలు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకు వేలాడదీస్తారు. చేప వచ్చి రంధ్రాల దగ్గర పొడుచుకు తింటుంది. నాచు పొడిని పొడిగానే తవుడులో కలిపితే, సంచి నీళ్లలో దిగగానే అందులో సగం చేప నోటికి అందకుండా చెరువులో కలిసిపోతుంది.

కప్పాఫైకస్‌లోనే దీనికి ఉపాయం ఉంది. అందులోని క్యారాజినన్ అనే జిగురు పదార్థం వేడి నీళ్లలో కరిగి, చల్లారితే గడ్డకడుతుంది. 100 కిలోల మేతకు లెక్కగట్టిన 2 కిలోల పొడిని 30, 40 లీటర్ల నీళ్లలో ముందు చల్లగా ఉండగానే ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద పెట్టి కలుపుతూ కాయండి. మరుగుకు దగ్గరపడి పావుగంట ఉంటే గంజిలా చిక్కబడుతుంది. గరిటె ఎత్తితే తీగలా జారుతుంది. వేడిగా ఉన్నప్పుడే డీఓబీ, చెక్క మీద పోసి పారతో బాగా కలపండి. చల్లారాక పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. సర్గాసమ్, ఉల్వా మామూలు వేడి నీళ్లకు ఇలా గడ్డకట్టవు. వాటికి పెద్దాపురం, సామర్లకోట వైపు దొరికే కర్రపెండలం పిండితో గంజి కాచి కలుపుకోవాలి. కలిపిన మేత ఆ రోజే వాడేయండి.

నీటిపై తేలే పెల్లెట్లు వాడేవాళ్లు ఇదే గంజిని ఇంకాస్త పలచగా చేసి చల్లి, నీడలో ఆరబెట్టి వేస్తే సరిపోతుంది.

గమనించాల్సినవి

సంచి కట్టిన రెండు మూడు గంటల తర్వాత ఎత్తి చూడండి. మేత మిగులుతుంటే నాచు పాలు తగ్గించండి. మబ్బు పట్టి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏ మేతా వేయొద్దు, ముందు ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పండి. పేను పట్టినా, ఎర్రమచ్చలు వచ్చినా నాచు మందు కాదు. ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రంలో చూపించి వైద్యం చేయించండి.

లాభమో కాదో మీ చెరువే చెప్పాలి. పక్కపక్కనే ఉన్న రెండు చెరువుల్లో ఒకే వయసు చేప, ఒకే మేత పెట్టి, ఒకదానికే నాచు కలపండి. 15 రోజులకోసారి విసురు వలతో పట్టి, ఒక్కో చెరువులో 30 చేపలు తూచి పుస్తకంలో రాయండి. ఎకరంలో 2,000 కిలోల చేప ఉండి, రోజుకు 3 శాతం మేత వేస్తే 60 కిలోలు అవుతుంది. అందులో 2 శాతం నాచు అంటే 1.2 కిలోలు, నెలకు 36 కిలోలు. కిలో పొడి కూలీ, పొయ్యి ఖర్చుతో కలిపి 100 రూపాయలు పడిందనుకుంటే నెలకు 3,600 రూపాయలు. నాచు వేసిన చెరువులో ఆ నెల అదనంగా వచ్చిన చేప బరువో, మిగిలిన మేతో అంత విలువ చేస్తేనే రెండో చెరువుకూ మొదలుపెట్టండి. రెండు నెలలు చూసినా తేడా కనపడకపోతే ఆపేసి, ఆ డబ్బు మంచి చెక్క మీద పెట్టండి.