సరిచేసిన హోమ్‌పేజీ మళ్లీ మారిపోతోందా?

బ్రౌజర్ తెరవగానే ముక్కూ మొహం తెలియని సెర్చ్ పేజీ వస్తుంది. సెట్టింగ్స్‌లో సరిచేస్తాం, మర్నాటికి మళ్లీ అదే. ఇక విండోస్ మొత్తం కొత్తగా వేయడం తప్ప దారి లేదనుకుంటారు చాలామంది. అంత దూరం వెళ్లాల్సిన పని తరచుగా ఉండదు. ఆ సెట్టింగ్‌ను మారుస్తున్నది ఎక్కడో కూర్చుని ఉంటుంది, అదెక్కడో ముందు పట్టుకోవాలి. ఎక్కడ వెతకాలో సమస్య కనిపించే తీరే చెబుతుంది.

సమస్య: స్క్రీన్ మూలలో ప్రకటనలు, ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది’ అనే హెచ్చరికలు. యాంటీవైరస్‌కు మాత్రం ఏమీ దొరకదు.

కారణం, పరిష్కారం: ఇది చాలావరకు వైరస్ కాదు, టెన్షన్ పడకండి. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో (Allow) నొక్కండి’ అన్న ఏదో సైట్‌కు నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్ల కింద నోటిఫికేషన్లు తెరిచి, తెలియని సైట్లన్నీ తీసేయండి. ఆ హెచ్చరికలో ఉన్న ఫోన్ నంబర్‌కు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కాల్ చేయకండి.

సమస్య: మీరు వెతికింది వేరే సెర్చ్ ఇంజిన్‌కు మళ్లుతోంది, ప్రతి పేజీలో అదనపు ప్రకటనలు కనిపిస్తున్నాయి.

కారణం: ఎక్కువసార్లు ఎక్స్‌టెన్షనే, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. కొత్తగా వేసుకున్నదాన్నే అనుమానిస్తే చాలదు. ఏళ్లుగా బాగా పనిచేసినది కూడా యజమాని మారాక పాడైపోవచ్చు. ఎంతోమంది వాడిన ది గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ అలాగే చేతులు మారింది. అందులో మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తొలగించింది.

పరిష్కారం: ఎక్స్‌టెన్షన్లన్నీ ఆఫ్ చేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ చూడండి. దేనితో సమస్య తిరిగొస్తుందో దాన్ని తీసేయండి. తర్వాత బ్రౌజర్‌ను రీసెట్ చేయండి. క్రోమ్‌లో రీసెట్ చేస్తే కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) పోతాయి కాబట్టి సైట్లలో మళ్లీ లాగిన్ అవ్వాలి. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అలాగే ఉంటాయి.

సమస్య: తీసేసిన ఎక్స్‌టెన్షన్ తిరిగి వస్తోంది, లేదా రిమూవ్ బటనే పనిచేయడం లేదు.

కారణం, పరిష్కారం: అసలు చిక్కు ఇక్కడే. మూడు చోట్లు చూడాలి. మొదటిది సింక్, అంటే ఒకే ఖాతా ఉన్న అన్ని కంప్యూటర్లలో బ్రౌజర్‌ను ఒకేలా ఉంచే ఏర్పాటు. ఇంకో కంప్యూటర్‌లో అదే ఖాతాలో ఆ ఎక్స్‌టెన్షన్ ఉంటే ఇక్కడికి మళ్లీ వచ్చేస్తుంది. సింక్ ఆపి, అన్ని కంప్యూటర్లూ శుభ్రం చేశాకే మళ్లీ ఆన్ చేయండి. రెండోది విండోస్‌లోని ప్రోగ్రామ్. ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాను తేదీల వారీగా పెట్టి, సమస్య మొదలైన రోజుల్లో వచ్చినవాటిని చూడండి. పనులను వాటంతటవే నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో తెలియని పని ఏదైనా ఉందేమో కూడా చూడాలి. మూడోది పాలసీ, అంటే బ్రౌజర్‌పై బలవంతంగా అమలయ్యే నియమం. క్రోమ్ మెనూలో ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని కనిపిస్తే, అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని టైప్ చేయండి. ఏ ఎక్స్‌టెన్షన్‌ను బలవంతంగా పెట్టారో అక్కడ తెలుస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఇది మామూలే, మీరు ముట్టుకోవద్దు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పాలసీ పెడతాయి. సొంత కంప్యూటర్‌లో ఆ రెండూ కాకపోతే, విండోస్ తన సెట్టింగ్స్‌ను భద్రపరిచే రిజిస్ట్రీలోని ఆ ఎంట్రీని తీసేయాలి. రిజిస్ట్రీ అలవాటు లేనివారు ఆ పనిని మాల్‌వేర్‌బైట్స్ సంస్థ వారి ఉచిత క్లీనింగ్ టూల్ యాడ్‌వ్‌క్లీనర్‌కు వదిలేయడం మేలు.

సమస్య: బ్రౌజర్‌ను డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి తెరిస్తేనే ఆ తెలియని పేజీ వస్తోంది.

షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడండి. ప్రోగ్రామ్ పేరు తర్వాత ఏదైనా వెబ్ చిరునామా అతికించి ఉంటే దాన్ని చెరిపేయండి, లేదా షార్ట్‌కట్‌నే కొత్తగా చేసుకోండి.

అన్ని బ్రౌజర్లలో ఒకేసారి మొదలైతే విండోస్ ప్రాక్సీ సెట్టింగ్ (ఇంటర్నెట్ రాకపోకలను మధ్యలో మరో కంప్యూటర్ మీదుగా పంపేది) చూడాలి. ఫోన్‌తో సహా ఇంట్లో ఉన్న అన్ని పరికరాల్లోనూ అదే జరుగుతుంటే రౌటర్‌లోని డీఎన్‌ఎస్ (సైట్ పేరును బట్టి దాని చిరునామా వెతికిపెట్టేది) చూడాలి.

ఇలా సెట్టింగ్స్ మార్చేవి ఎక్కువగా ఉచిత ప్రోగ్రామ్‌లతో పాటే లోపలికి వస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎక్స్‌ప్రెస్ కాకుండా కస్టమ్ ఎంచుకుని, ముందే పెట్టి ఉన్న టిక్కులు తీసేయండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన లింకుల నుంచి కాకుండా తయారీదారు సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌కు వెళ్లి, రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అందులో యాప్స్‌కు, డౌన్‌లోడ్స్‌కు వేర్వేరు టిక్కులు ఉంటాయి, రెండూ పెట్టండి.

అంతా శుభ్రమయ్యాక ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. పేజీలన్నీ చదివే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్‌కు మీరు ఆ పేజీల్లో టైప్ చేసినవీ కనిపిస్తాయి.