హెడ్ బోల్టులకు చేతి అంచనా వద్దు

ఇంజన్ పని వరంగల్ ఆటోనగర్‌లో చేయించినా, ఇంటి దగ్గర మీరే విప్పినా, టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పి బిగిస్తున్నామో, అంటే టార్క్ ఎంతో చూపే పానా) లేకుండా హెడ్ బోల్టుల జోలికి, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌ను కింది బ్లాక్‌కు బిగించే బోల్టుల జోలికి పోకండి. రాడ్‌కు పైపు తొడిగి గుంజి "గట్టిగానే ఉందన్నా" అనే మేస్త్రీ మాట నేనైతే నమ్మను.

ముందు బ్లాక్‌లోని బోల్టు రంధ్రాలు చూడండి. అడుగున ఆయిలో, కూలెంటో నిలిచి ఉంటే బోల్టు దిగేకొద్దీ అది ఎటూ పోలేక ఒత్తిడి పెరిగి బ్లాకే పగలొచ్చు, రెంచ్ మాత్రం టార్క్ వచ్చిందని టక్కుమంటుంది. కళ్లద్దాలు పెట్టుకొని గాలి కొట్టి ఆరబెట్టండి. మరలకు ఆయిల్ రాయాలా వద్దా అన్నది మాన్యువల్ చెప్పినట్టే చేయండి, ఎందుకంటే ఆయిల్ ఉంటే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ బిగుస్తుంది.

ఎక్కువ ఇంజన్లలో మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ చివరలకు పోవాలి, అదీ విడతల్లో. ఉదాహరణకు మాన్యువల్‌లో 40 న్యూటన్ మీటర్ల టార్క్, తర్వాత 90 డిగ్రీలు తిప్పడం, మళ్లీ 90 అని రాసి ఉంటే, అన్ని బోల్టులకూ 40 పూర్తయ్యాకే కోణం జోలికి వెళ్లండి. తలల మీద పెయింటు చుక్క పెడితే ఏది తిరిగిందో, ఏది మిగిలిందో తెలిసిపోతుంది. ఇలా కోణంతో బిగించేవి చాలావరకు ఒకసారి బిగిస్తే సాగిపోయే బోల్టులు, అందుకే కొత్తవే వేయండి. విప్పేటప్పుడు మాత్రం వరుస తిరగేసి, చివరల నుంచి మధ్యకు రావాలి.