ఫ్యాన్ బెల్టు పీకేసి బీటిల్‌ని డ్రాగ్ స్ట్రిప్ ఎక్కిస్తే వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని డ్రాగ్ స్ట్రిప్ మీద, అంటే తిన్నగా ఉండే రేసు ట్రాక్ మీద, క్వార్టర్ మైల్ అంటే 402 మీటర్లు పరిగెత్తించే వాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ పురుగు కుడుతుంది, ఫ్యాన్ బెల్టు తీసేస్తే ఫ్యాన్ తిప్పడానికి పోయే పవర్ మిగులుద్ది కదా, అది చక్రాలకి పోద్ది కదా అని. లెక్క తప్పేం కాదు. నేను కాలిఫోర్నియాలో 1969 బీటిల్‌తో, 1776 సీసీ, రెండు కార్బురేటర్లు, ఈ పని చాలాసార్లు చేశా, ఒకసారి హెడ్ (సిలిండర్ల మీద వాల్వులు ఉండే మూత) కూడా చంపుకున్నా, ఆ కథ కింద వస్తుంది. ఈ పిచ్చి పుట్టింది కూడా ఈ చుట్టుపక్కలే, 1960ల్లో రివర్‌సైడ్‌లో జో విట్టోన్ గారి ఈఎంపీఐ అనే బీటిల్ పార్టుల కంపెనీ ఇంచ్ పించర్ అనే బీటిల్‌ని డ్రాగ్‌కి దించింది, 1968లో ఆరెంజ్ కౌంటీ ఇంటర్నేషనల్ రేస్‌వేలో బగ్-ఇన్ అనే ఫోక్స్‌వ్యాగన్ కార్ల మేళా మొదలైంది, ఆ ట్రాక్ 1983లో మూతపడింది కానీ పిచ్చి మాత్రం మూతపడలేదు.

సమస్యల్లోకి వెళ్లేముందు ఒక్క ముక్క. ఈ ఇంజన్‌లో నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. క్రాంక్ పుల్లీ నుంచి బెల్టు డైనమోకి పోద్ది, అదే డైనమో షాఫ్ట్ రెండో చివర ఫ్యాన్ ఉంటుంది, ఆ ఫ్యాన్ గాలి రేకు డబ్బాలోంచి సిలిండర్ల మీదకి దిగుద్ది, ఆయిల్ కూలర్‌కి కూడా ఆ డబ్బా గాలే దిక్కు. అంటే బెల్టు పీకితే ఒక్కటి కాదు, మూడు ఆగిపోతాయి: సిలిండర్లకి గాలి, ఆయిల్‌కి గాలి, బ్యాటరీకి ఛార్జింగ్. చిన్నప్పుడు నాన్న చేతక్ విప్పితే ఫ్యాన్ మ్యాగ్నెట్‌కే బిగించి ఉండేది, అక్కడ తీసేద్దాం అనే ఆలోచనే రాదు, ఇక్కడ 21 స్పానర్ ఒక్కటి చేతిలో ఉంటే చాలు, అదే కొంప ముంచుతుంది.

సమస్య: బెల్టు తీశా, అయినా టైమ్ తగ్గలేదు

కారణం ఫ్యాన్ తినే పవర్‌లో ఉంది. ఫ్యాన్ అనేది స్పీడు రెట్టింపు అయితే ఎనిమిది రెట్లు పవర్ తినే వస్తువు. 4000 ఆర్‌పీఎమ్ దగ్గర ఎంత తింటుందో 7000 దగ్గర దానికి ఐదు రెట్లు పైనే తింటుంది. కంపెనీ 1600 ఇంజన్ ఇచ్చేదే 50 హార్స్‌పవర్, అదీ 4000 దగ్గర, ఆ పైన దానికి ఊపిరి ఆడదు, కాబట్టి అక్కడ మీకు మిగిలేది చిల్లర. 7000 దాకా లాగే, వాల్వులు తెరిచే క్యామ్ పెద్దది, వాల్వులూ పెద్దవి ఉన్న ఇంజన్ ఉన్నోడికే ఇది లెక్కలోకి వస్తుంది.

ఇంకోటి, చాలామంది మొత్తం టైమ్ చూసి తేల్చేస్తారు, మొత్తం టైమ్ అంటే సగం మీ క్లచ్ వదలడం, టైర్ గ్రిప్పు. పవర్ పెరిగిందో లేదో చూడాలంటే చివరి 66 అడుగుల్లో కొలిచే స్పీడు చూడండి, అదే రోజు, గంట తేడాలో, బెల్టుతో రెండు రన్నులు, లేకుండా రెండు. ఇంజన్ వేడి కూడా నాలుగింటికీ ఒకేలా ఉండాలి. స్పీడులో తేడా రాకపోతే బెల్టు ఎక్కించేసి కార్బురేటర్ జెట్‌లు, స్పార్క్ టైమింగ్, టైర్ గాలి చూసుకోండి, అక్కడే ఎక్కువ దొరుకుద్ది. స్టాక్ ఇంజన్ వాళ్లు అయితే ఇక్కడితో ఆగిపోయి కింద బెల్టు విసిరేసే సమస్యకి వెళ్లిపోవచ్చు, నిజం చెప్తున్నా.

సమస్య: మొదటి రన్ సూపర్, రెండోది డల్, మూడోదాంట్లో టకటక నాకింగ్

అందరూ దెబ్బ తినేది ఇక్కడే. నాకింగ్ అంటే వేడికి పెట్రోలు సిలిండర్‌లో తనంతట తనే పేలి చప్పుడు చెయ్యడం. రన్ నడిచేది పద్నాలుగో పదహారో సెకన్లు, ఆ కాసేపు అల్యూమినియం హెడ్లు, ఇనప సిలిండర్లు వేడిని తమలోనే దాచుకుంటాయి, కొన్ని పదుల డిగ్రీలు ఎక్కుతుంది అంతే, చల్లగా మొదలెడితే ఏమీ కాదు. చంపేది రన్ కాదు, రన్ ముందు లైన్లో ముందు కారు ఆయిల్ కార్చిందని పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడటం, రన్ అయ్యాక పిట్ (కారు నిలిపి పని చేసుకునే చోటు) దాకా మెల్లగా నడుపుకుంటూ రావడం. ఆ టైంలో గాలి అసలు లేదు, కారు కదిలితే గాలి తగులుద్ది కదా అంటారు, ఇంజన్ వెనక డిక్కీలో రేకుల మధ్య మూసి ఉంది స్వామీ, బయట గాలి లోపలికి రాదు.

నా హెడ్ పోయింది సరిగ్గా ఇలాగే. రన్ బాగా వచ్చింది, సంతోషంలో రిటర్న్ రోడ్ మీద ఫ్రెండ్‌తో కబుర్లు చెప్పుకుంటూ పిట్ దాకా నడిపా, అక్కడ టైమ్ స్లిప్, అంటే రన్ టైమ్ ఉన్న చీటీ, ఫోటో తీసుకునే దాకా ఇంజన్ ఆపలేదు. మర్నాడు స్టార్ట్ చేస్తే మూడు సిలిండర్ల మీద నడిచింది, విప్పి చూస్తే 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు హెడ్‌లోంచి ఊడి వచ్చింది. అల్యూమినియం సీటు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, వేడి మితి మీరితే పట్టు వదిలేస్తుంది. 3వదే ఎందుకంటే 1970 దాకా వచ్చిన ఇంజన్లలో ఆయిల్ కూలర్ రేకు డబ్బా లోపలే నిలబడి ఆ సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డం పడుతుంది, అందుకే కంపెనీ వాడే స్పార్క్ పంచే కొన్ని డిస్ట్రిబ్యూటర్లలో 3కి స్పార్క్ కొన్ని డిగ్రీలు లేటుగా పెట్టాడు. 1971 నుంచి కూలర్‌ని పక్కకి జరిపి దానికి వేరే గూడు కట్టారు, మన వాళ్లు డాగ్‌హౌస్ అనేది దాన్నే, పాత ఇంజన్‌కి కూడా మార్చుకోవచ్చు, మార్చుకోండి.

పరిష్కారం: స్టార్ట్ చేసిన దగ్గర నుంచి ఆపే దాకా నా రూలు 90 సెకన్లు, బర్నౌట్‌తో (రన్ ముందు టైర్లు తిప్పి వేడెక్కించడం) సహా. లైన్లో కారుని నెట్టుకుంటూ వెళ్లండి, 800 కిలోల కారు, ఇద్దరు నెడితే నడుస్తుంది. ఫినిష్ దాటాక పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి, పిట్ దాకా తాడు కట్టి లాగించుకోవాలి, లాగేవాడు లేకపోతే ఆ రోజు బెల్టు తియ్యొద్దు. పిట్‌లో చెత్త ఊదే బ్లోయర్ ఒకటి ఫ్యాన్ డబ్బా నోటికి పెట్టి ఓ ఇరవై నిమిషాలు ఊదించండి, ముట్టుకుంటే చెయ్యి నిలవాలి, అప్పుడే తర్వాత రన్. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా పెట్టే హెడ్ టెంపరేచర్ సెన్సర్ ఒకటి 3వ దానికి పెట్టుకోండి, నేనైతే 200 డిగ్రీలు దాటితే లైన్లోంచి బయటికి వచ్చేస్తా. నాకింగ్ వినబడిందంటే టైమింగ్ రెండు మూడు డిగ్రీలు వెనక్కి, పెట్రోలు పెద్ద ఆక్టేన్‌ది. అయినా తగ్గకపోతే ఆ రోజుకి ఇంటికి.

సమస్య: చివరి వంద మీటర్లలో ఇంజన్ తడబడుతుంది

జనం కార్బురేటర్ విప్పడం మొదలెడతారు. ముందు మల్టీమీటర్ పెట్టండి. డైనమో తిరగట్లేదు కాబట్టి స్పార్క్ పుట్టించే కాయిల్, ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు ఉంటే అది, లైట్లు అన్నీ వెనక సీటు కింద ఉన్న బ్యాటరీ మీదే బతుకుతున్నాయి. ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, స్టార్ట్ కొట్టి రెండు రన్నులయ్యాక 12కి దిగిపోతే కాయిల్‌కి అందేది ఇంకా తక్కువ, పెద్ద ఆర్‌పీఎమ్ దగ్గర స్పార్క్ నీరసపడుతుంది. రన్నుకీ రన్నుకీ మధ్య ఛార్జర్ పెట్టండి, అంతే. 1967కి ముందు కారు అయితే 6 వోల్టులు, అది ఇంకా సున్నితం.

డాష్‌బోర్డ్‌లో ఎర్ర లైటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బీటిల్‌కి టెంపరేచర్ మీటర్ కంపెనీ వాడు ఇవ్వలేదు, బెల్టు తెగితే ఛార్జింగ్ ఎర్ర లైటు వెలుగుద్ది, డ్రైవర్‌కి తెలిసే మొదటి హెచ్చరిక అదే. మీరే బెల్టు పీకేశాక ఆ లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, చూసి చూసి కన్ను అలవాటు పడిపోద్ది, సాయంత్రం బెల్టు వెయ్యడం మర్చిపోయి ఫ్రీవే ఎక్కేస్తారు. నవ్వకండి, తాళం చెవికి బెల్టు తగిలించుకుని తిరిగేవాళ్లని నేను చూశా, ఇప్పుడు నేనూ అదే చేస్తున్నా.

సమస్య: రన్ అయ్యాక ఆపితే మళ్లీ స్టార్ట్ అవ్వట్లేదు

ఆపగానే వేడి తగ్గదు, హెడ్ల నుంచి చుట్టుపక్కలకి పాకి కాసేపు పెరుగుద్ది. పెట్రోల్ పంపు, పైపులు, కార్బురేటర్ గిన్నె అన్నీ ఆ వేడి గదిలోనే, పెట్రోలు ఆవిరై పైపులో ఆ ఆవిరే నిండుద్ది. డిక్కీ మూత తెరిచి అరగంట వదిలెయ్యండి, పదే పదే సెల్ఫ్ కొట్టి బ్యాటరీ చంపుకోవద్దు. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ముట్టుకోకండి, పైపు మెత్తబడిందా, క్లిప్పు వదులా చూడండి. ఈ ఇంజన్ కేసు మెగ్నీషియం, అది అంటుకుంటే నీళ్లు పోస్తే ఇంకా రెచ్చిపోద్ది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా డ్రైవర్ సీటు దగ్గర పెట్టుకోండి, డిక్కీలో కాదు.

సమస్య: ఐడిల్‌లో ఆయిల్ లైటు మినుకు మినుకు

ఆయిల్ పల్చబడింది. ఈ ఇంజన్‌లో పట్టేదే రెండున్నర లీటర్లు, దాని కూలర్‌కి గాలి మీరే ఆపేశారు. 120 డిగ్రీలు దాటిన ఆయిల్‌తో ఇంకో రన్ వెయ్యొద్దు. అదే పనిగా బెల్టు లేకుండా పరిగెత్తించాలనుకుంటే కారు కింద సొంత కరెంటు ఫ్యాన్ ఉన్న వేరే ఆయిల్ కూలర్, అడుగున ఆయిల్ ఎక్కువ పట్టే ఎక్స్‌ట్రా సంప్ పెట్టించండి. చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోద్ది అనేవాళ్లున్నారు, లైటు ఆరుద్ది గానీ వేడి అక్కడే ఉంటుంది.

సమస్య: టాపెట్ సౌండ్ పెరిగింది, ఒక పక్క నుంచి ఫుస్ ఫుస్

చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్లు పెట్టిన వాల్వ్ గ్యాప్ మర్నాడు పొద్దున మళ్లీ కొలవండి. ఎక్కడైనా ఒక ఎగ్జాస్ట్ వాల్వ్‌కి గ్యాప్ తగ్గిపోయిందంటే వాల్వ్ సాగుతోంది లేదా సీట్లోకి దిగుతోంది, ఆ సిలిండర్ మీద ఇక రన్ వద్దు, వాల్వ్ తల తెగి పిస్టన్ మీద పడితే ఇంజన్ మొత్తం పోద్ది. ఫుస్ ఫుస్ అంటే హెడ్ స్టడ్డు మెగ్నీషియం కేసులోంచి మర పీక్కుని వచ్చి ఉంటుంది, బిగించి చూస్తే ఊరికే తిరుగుద్ది. ఇది పిట్‌లో అయ్యే పని కాదు, కేసు విప్పి స్టీల్ ఇన్సర్టులు వేయించాలి.

సమస్య: అసలు తియ్యలేదు, అయినా పెద్ద ఆర్‌పీఎమ్‌లో బెల్టు తనే ఎగిరిపోతోంది

బెల్టు తీసేద్దాం అనే ఆలోచన చాలామందికి ఇక్కడి నుంచే వస్తుంది, ఎలాగూ విసిరేస్తోంది కదా అని. ఫ్యాన్ క్రాంక్ కన్నా దాదాపు 1.8 రెట్లు వేగంగా తిరుగుద్ది, అంటే 7000 దగ్గర ఫ్యాన్ 12,600. గేర్ మార్చినప్పుడు క్రాంక్ ఒక్కసారిగా పడిపోద్ది, బరువైన ఫ్యాన్ పడదు, బెల్టు పక్కకి తిరగబడుద్ది. కంపెనీ ఫ్యాన్ ఆ స్పీడుకి చేసింది కాదు, రేకులు ఊడి డబ్బా చీల్చుకుని రావచ్చు, వెల్డింగ్ చేసి బ్యాలెన్స్ చేయించిన ఫ్యాన్ పెట్టాకే ఆ ఆర్‌పీఎమ్‌కి వెళ్లండి.

బెల్టు బిగింపు ఇలా: డైనమో పుల్లీ రెండు సగాలు, మధ్యలో పల్చటి షిమ్ములు, అంటే వాషర్ల లాంటి రేకు బిళ్లలు. పుల్లీ గాడిలో స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి 21 నట్టు విప్పాలి. మధ్యలో షిమ్ము తీస్తే బెల్టు టైటు, వేస్తే లూజు. తీసిన షిమ్ములు పారెయ్యకుండా నట్టు కిందే బయటి వైపు వేసుకోండి, అన్నీ ఒక్కచోటే ఉంటాయి. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు, ఒకటిన్నర దిగాలి, అంతకన్నా టైటు చేస్తే డైనమో బేరింగులు పోతాయి. రెండు పుల్లీలు ఒక గీత మీద ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి, డైనమో స్టాండు వంకర ఉంటే కొత్త బెల్టు కూడా నిలవదు.

దీనికి అసలైన మధ్యేమార్గం చిన్న క్రాంక్ పుల్లీ. ఫ్యాన్ స్పీడు తగ్గుద్ది, పవర్ కొంత మిగులుద్ది, బెల్టు ఎగరడం తగ్గుద్ది, గాలి మాత్రం పూర్తిగా ఆగదు. ట్రాక్ మీదకే, రోడ్డు మీద ట్రాఫిక్‌లో అదే కారు వేడెక్కి చస్తుంది, ఇంటికి నడుపుకుని వెళ్లేవాళ్లు పెద్ద పుల్లీ మళ్లీ వేసుకోవాలి. కరెంటు మోటారుతో ఫ్యాన్ తిప్పితే అని అడిగేవాళ్లకి: ఫ్యాన్‌కి ఐదు హార్స్‌పవర్ అనుకున్నా 12 వోల్టుల్లో 300 ఆంపియర్లు పైనే, అంటే రన్ మొత్తం సెల్ఫ్ మోటారు నొక్కి పట్టుకున్నట్టే.

బెల్టు తీసి పరిగెత్తేటప్పుడు పుల్లీ బయటి సగం, షిమ్ములు, నట్టు తిరిగి బిగించాకే స్టార్ట్ చెయ్యండి, నేను ఒకసారి నట్టు జేబులో పెట్టుకుని మర్చిపోయి ప్యాంటు వాషింగ్ మెషిన్‌లో వేశా. ఇప్పుడు స్పేర్ నట్టు, స్పేర్ బెల్టు గ్లవ్ బాక్స్‌లోనే ఉంటాయి.