క్రియ పక్కన వచ్చే చిన్న మాటను, ఇంగ్ రూపాన్ని గుర్తించే పద్ధతి

ఇంగ్లీషు వాక్యంలో క్రియ పక్కన అప్, ఆన్, ఆఫ్ వంటి చిన్న మాట కనిపించగానే దాన్ని ప్రిపొజిషన్ అనేయడం చాలామందికి అలవాటు. అయితే ఒకే మాట ఒక వాక్యంలో తర్వాతి నామవాచకంతో ముడిపడే ప్రిపొజిషన్‌గా, మరో వాక్యంలో క్రియతోనే కలిసిపోయే పార్టికల్‌గా పనిచేస్తుంది కనుక, పేరు పెట్టేముందు పరీక్షించి చూడాలి.

నేను అన్నిటికన్నా నమ్మే పరీక్ష, తర్వాతి నామవాచకం స్థానంలో 'ఇట్' పెట్టి చూడడం. 'షి లుక్డ్ అప్ ద వర్డ్' అనే వాక్యం 'షి లుక్డ్ ఇట్ అప్' అవుతుందే గాని 'లుక్డ్ అప్ ఇట్' కాదు. సర్వనామం మధ్యలోకి వచ్చింది కాబట్టి ఈ 'అప్' పార్టికల్. 'హి ర్యాన్ అప్ ద హిల్' మాత్రం 'ర్యాన్ అప్ ఇట్' అవుతుంది, కనుక అక్కడిది ప్రిపొజిషన్. 'సిట్ డౌన్' వంటి చోట్ల కర్మే లేదు కాబట్టి అది పార్టికలే.

ఇంగ్ రూపం (చివర -ing చేరిన క్రియ) విషయంలో తెలుగు వ్యాకరణం మనకు చక్కగా తోడ్పడుతుంది. 'షి ఎంజాయ్స్ సింగింగ్' అన్నప్పుడు మనకు తోచేది 'పాడడం' అనే భావార్థకం (పని పేరు), కనుక అది జెరండ్, అంటే నామవాచకంలా పనిచేసే ఇంగ్ రూపం. 'హి కేమ్ రన్నింగ్' అంటే 'పరుగెత్తుతూ వచ్చాడు'. అది శత్రర్థకం ('-తూ' రూపం), కనుక పార్టిసిపుల్, అంటే విశేషణంలాగో క్రియావిశేషణంలాగో పనిచేసే ఇంగ్ రూపం. అయితే 'ఐ హర్డ్ హర్ సింగింగ్' అనే వాక్యాన్ని 'ఆమె పాడుతుంటే విన్నాను' అనీ, 'ఆమె పాడడం విన్నాను' అనీ రెండు విధాలా చెప్పుకోవచ్చు. అటువంటప్పుడు ఇంగ్లీషునే అడగాలి: కర్మణి ప్రయోగంలో 'షి వజ్ హర్డ్ సింగింగ్' అని 'సింగింగ్' ఒక్కటే వెనక మిగులుతుంది కనుక, అది పార్టిసిపుల్. ఈ సరిహద్దు ఇంత పలచన కాబట్టే 2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణం రెండింటినీ కలిపి జెరండ్-పార్టిసిపుల్ అని ఒకే పేరుతో వ్యవహరించింది.

చిన్న మాటా, ఇంగ్ రూపమూ ఒకేచోట కలిసినప్పుడే అసలు చిక్కు. 'గేవ్ అప్ స్మోకింగ్' అనేది 'గేవ్ ఇట్ అప్' అవుతుంది, కనుక పార్టికల్, దాని వెంట జెరండ్. 'ఇన్సిస్టెడ్ ఆన్ పేయింగ్' అనేది 'ఇన్సిస్టెడ్ ఆన్ ఇట్' అవుతుంది, కనుక ప్రిపొజిషన్, దాని వెంట జెరండ్. 'వెంట్ ఆన్ టాకింగ్' అంటే 'మాట్లాడుతూనే ఉన్నాడు' అని అర్థం. అదే అర్థంలో 'ఇట్' ఎక్కడా ఇమడదు, కనుక ఇక్కడ 'ఆన్' పార్టికల్, 'టాకింగ్' పార్టిసిపుల్.

ఎక్కువమంది పొరబడేది 'లుక్ ఫార్వర్డ్ టు' దగ్గర. ఇందులో 'ఫార్వర్డ్' పార్టికల్. 'లుక్ ఫార్వర్డ్ టు ఇట్' అనగలం కాబట్టి 'టు' ప్రిపొజిషన్. అందుచేత 'టు మీట్ యూ' అని కాక, 'టు మీటింగ్ యూ' అనే రాయాలి.