ఒక్క పేపర్ క్రాఫ్ట్ కిట్‌తో 16 గ్రీటింగ్ కార్డులు ఎలా చేయాలి?

మొదటిసారి కిట్ కొన్నప్పుడు మా అమ్మాయీ నేనూ నాలుగు కార్డులు చేసేసరికి పెట్టె ఖాళీ అయిపోయింది. నచ్చిన కాగితమల్లా కత్తిరించాం, కనిపించిన స్టిక్కరల్లా అతికించాం. ఇవ్వాల్సినవాళ్లేమో ఇంకా పదిమంది మిగిలారు. ఆ తర్వాత నుంచి ముందు లెక్క వేసుకుని, ఆ తర్వాతే కత్తెర పట్టుకుంటున్నాం. కొత్త సంవత్సరానికీ సంక్రాంతికీ కలిపి ఒకే కిట్‌తో 16 కార్డులు చేసిన పద్ధతి ఇది.

మా కిట్‌లో ఉన్నవి: 10 ఏ4 కార్డ్ షీట్లు (250 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే మందపాటి కాగితం), 12 డిజైన్ పేపర్లు (ఒక్కోటి 6 అంగుళాల చదరం, అంటే సుమారు 15.2 సెంటీమీటర్లు), స్టిక్కర్లు, రిబ్బను, ఫోమ్ టేపు (అతికించినదాన్ని కాస్త ఉబ్బెత్తుగా నిలిపే స్పాంజి టేపు). మీ కిట్‌లో సంఖ్యలు వేరుగా ఉండొచ్చు, లెక్క మాత్రం ఇలాగే వేసుకోండి. ఇంట్లోంచి స్టీలు స్కేలు, కట్టర్, ఇంకు అయిపోయిన బాల్ పెన్ను, గమ్ స్టిక్, తెల్ల జెల్ పెన్ను తీసిపెట్టుకోండి.

ముందు కార్డ్ షీట్లు పంచుకోండి

కిట్‌లో ముందుగా అయిపోయేది డిజైన్ పేపరు కాదు, కార్డ్ షీటే. అందుకే 10 షీట్లలో 8 పక్కన పెట్టేయండి. అవి కార్డులకే. మిగతా రెండింటిలో ఒకటి ముదురు రంగుది, ఒకటి లేత రంగుది ఉండేలా చూసుకోండి. ఆ రెండూ అలంకరణకు.

ఒక్కో ఏ4 షీటు నుంచి రెండు కార్డులు వస్తాయి. అయితే దాన్ని అడ్డంగా కోయాలా నిలువుగా కోయాలా అన్నది కాగితమే చెబుతుంది. కాగితంలో నార ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది. ఆ దిశలో మడిస్తే మడత నున్నగా వస్తుంది, ఎదురు మడిస్తే అంచు పగిలి తెల్లగా కనిపిస్తుంది. షీటును మడత పడకుండా మెల్లగా వంచి చూడండి. పొడవు అంచులు రెండూ దగ్గరకు వచ్చేలా ఒకసారి, పొట్టి అంచులు దగ్గరకు వచ్చేలా ఒకసారి. ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వైపే మడత రావాలి.

పొడవు అంచులు తేలిగ్గా కలిస్తే, షీటును 14.85 సెం.మీ. దగ్గర అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను 10.5 దగ్గర మడవండి. పొట్టి అంచులు తేలిగ్గా కలిస్తే, 10.5 దగ్గర నిలువునా కోసి, 14.85 దగ్గర మడవండి. రెండు రకాల్లోనూ కార్డు సైజు ఒకటే, తెరుచుకునే తీరే మారుతుంది.

ఈ కాగితం మందంగా ఉంటుంది కాబట్టి నేరుగా మడవకండి. స్కేలు పెట్టి, ఇంకు లేని పెన్నుతో మడత గీత మీద గట్టిగా గీస్తే చిన్న గాడి పడుతుంది. ఆ గాడి కార్డు బయటి వైపు ఉండేలా మడిచి, చెంచా వెనుక భాగంతో మడత మీద రుద్దండి. ఈ ఒక్క పని ఓపిగ్గా చేస్తే చాలు, కార్డు కొన్నదానిలా కనిపిస్తుంది.

ఒక్కో కార్డు కాదు, ఒక్కో రకం

16 కార్డులకు 16 ఆలోచనలు అక్కర్లేదు. నాలుగు రకాలు చాలు. ఒక రకానికి కోతలన్నీ ఒకేసారి, అతికింపులన్నీ ఒకేసారి చేస్తే చెయ్యి కుదురుతుంది, వృథా తగ్గుతుంది.

పట్టీ కార్డులు ఆరు. రెండు డిజైన్ పేపర్లు తీసుకుని, ఒక్కోదాన్ని 5 సెం.మీ. వెడల్పున మూడు పట్టీలు కోయండి. ఒక్కో పట్టీ పొడవును 13.8కి తగ్గించి కార్డు మీద నిలువునా అతికించండి. పైనా కిందా అర సెంటీమీటరు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీయే అందం, దాన్ని నింపాలని చూడకండి.

తోరణం కార్డులు రెండు. పట్టీల చివర కోసిన ముక్కలు ఆరు మిగిలాయి కదా, ఒక్కోటి 5 సెం.మీ. పొడవు, 1.4 వెడల్పు. ఒక్కో ముక్కను సగం చేసి మామిడాకు ఆకారంలో కోస్తే మొత్తం 12 ఆకులు. కార్డు పై భాగంలో సన్నటి రిబ్బను అతికించి, దాని కింద ఆరేసి ఆకులు వరుసగా పెట్టండి. పట్టీలకు ఆకుపచ్చ పేపరు ఎంచుకుంటే ఇది ఇంకా బాగుంటుంది.

గాలిపటం కార్డులు నాలుగు. ఒక డిజైన్ పేపరును నాలుగు సమభాగాలు చేయండి. అయితే ఆ చదరాల మూల నుంచి మూలకు 10.7 సెం.మీ. ఉంటుంది, 10.5 వెడల్పున్న కార్డు దాటిపోతుంది. అందుకే ప్రతి చదరాన్నీ 6 సెం.మీ.కి తగ్గించి, మూల పైకి వచ్చేలా ఫోమ్ టేపుతో అతికించండి. కోసేసిన అంచులతో తోక కట్టండి, దారం పెన్నుతో గీయండి.

ముగ్గు కార్డులు నాలుగు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. ముదురు రంగు షీటు నుంచి 6 సెం.మీ. చదరాలు నాలుగు కోసి, సెంటీమీటరు ఎడంతో 5 నుంచి 3 వరకు సందు చుక్కలు (ఒక వరుస చుక్కల సందుల్లోకి పక్క వరుస చుక్కలు వచ్చేలా) పెట్టండి. మధ్య వరుసలో 5, దానికి అటూ ఇటూ 4, ఆపైన 3. మొత్తం 19 చుక్కలు. తెల్ల జెల్ పెన్నుతో మెల్లగా ముగ్గు కలపండి. చుక్కలు పెన్సిలుతో పెట్టి ఒకసారి సరిచూసుకుంటే టెన్షన్ ఉండదు. ఈ పని మా అమ్మకు అప్పగించాను. వాకిట్లో వంగి వేయలేకపోతున్న ముగ్గును బల్ల దగ్గర కూర్చుని హాయిగా వేసింది.

అతికించడం, రాయడం

పలచటి కాగితానికి తెల్ల జిగురు వాడకండి. అందులోని నీటికి కాగితం ముడతలు పడుతుంది. గమ్ స్టిక్‌గానీ డబుల్ సైడ్ టేపుగానీ మంచిది. అతికించాక బరువైన పుస్తకం కింద గంటసేపు ఉంచండి, ఫోమ్ టేపు వాడిన గాలిపటాలను తప్ప.

శుభాకాంక్షలు నేరుగా కార్డు మీద రాయకండి. లేత రంగు షీటును చిన్న చీటీలుగా కోసి, వాటి మీద రాసి అతికించండి. అక్షరం తప్పు పోతే చీటీయే పోతుంది, కార్డు మిగులుతుంది. కిట్‌లో వచ్చే స్టిక్కర్ల మీద సాధారణంగా ఇంగ్లీషే ఉంటుంది. ‘సంక్రాంతి శుభాకాంక్షలు అత్తయ్యా’ అని మీ చేతిరాతతో ఉంటే ఆ కార్డు ఆమెది అవుతుంది.

కవరు

కవర్లు తక్కువైతే 100 జీఎస్‌ఎం ఏ4 కాగితాన్ని 21 సెం.మీ. చదరంగా కోయండి. దాన్ని మూల పైకి వచ్చేలా తిప్పి, మధ్యలో కార్డును అడ్డంగా పెట్టి, చుట్టూ కాస్త వదులు ఉంచి ముందు పక్క మూలలు, తర్వాత కింది మూల మడిచి అతికించండి. పై మూల మూతకు సరిపోతుంది.

పోస్టులో పంపేవాటికి పట్టీ, ముగ్గు కార్డులు ఎంచుకోండి. కార్డు దాదాపు 8 గ్రాములు, కవరు నాలుగున్నర, అలంకరణ కలిపినా ఉత్తరం బరువులో మొదటి మెట్టయిన 20 గ్రాములు దాటదు. ఉబ్బెత్తుగా ఉండే గాలిపటాలు దారిలో నలుగుతాయి, వాటిని చేతికే ఇవ్వండి.

ఇంతా చేస్తే మా 12 డిజైన్ పేపర్లలో ఖర్చయినవి మూడే. స్టేషనరీ షాపులో ఇంకో పది కార్డ్ షీట్లు మాత్రం కొని పెట్టాం, ఉగాదికి.