ఇంట్లో దుమ్ము తగ్గించడం ఎలా? ప్యూరిఫయర్ కొనేముందు చేయాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నవాళ్లు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది. "మెషీన్ మీద గాల్లో ధూళి అంకె 10 చూపిస్తోంది, అంటే గాలి బాగానే ఉంది, టీవీ మీద మాత్రం దుమ్ము అలాగే పేరుకుంటోందేంటి?" అని. మెషీన్ చెడిపోలేదు. గాల్లో తేలుతున్న దుమ్మునే అది లాక్కోగలదు, వాలిపోయినదాని జోలికి పోలేదు.

గాలి కదలకుండా ఉంటే, 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు మనిషి ఎత్తు నుంచి కొన్ని సెకన్లలో నేల మీద పడిపోతుంది. 10 మైక్రాన్లదానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్‌ది గంటల తరబడి తేలుతుంది. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. కాబట్టి కంటికి కనిపించే దుమ్ములో చాలావరకు మెషీన్ దాకా చేరకముందే బల్ల మీదో, సోఫా మీదో దిగిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయే పీఎం 2.5 రేణువులు, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి మాత్రం అంత త్వరగా దిగవు. ప్యూరిఫయర్‌తో అసలు పని వాటి దగ్గరే. అందుకే దాన్ని చివరికి ఉంచి, ముందు మిగతావి చూద్దాం.

1. వచ్చే దారులు మూయండి

పక్కనే కొత్త టవర్ లేస్తున్న అపార్ట్‌మెంట్లో ఉన్నా, మెయిన్ రోడ్డు మీద ఉన్నా దుమ్ము ఎక్కువగా వచ్చేది స్లైడింగ్ కిటికీల సందుల్లోంచే. రెక్కల అంచున ఉండే నూగు పట్టీ కొన్నేళ్లకు అరిగిపోతుంది. అల్యూమినియం కిటికీలు బిగించేవాళ్లను అడిగితే కొత్తది వేస్తారు, పెద్ద ఖర్చేం కాదు. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ అతికించండి. దోమల జాలీ దుమ్మును ఆపుతుందనుకోవద్దు. దాని కన్నం ఒక మిల్లీమీటరు అనుకున్నా వెయ్యి మైక్రాన్లు! పైగా జాలీకి పట్టిన మట్టి గాలి వీచినప్పుడల్లా లోపలికే రాలుతుంది. నెలకోసారి విప్పి కడగండి.

అలాగని ఇరవైనాలుగు గంటలూ మూసుకుని కూర్చోకూడదు. ఊపిరాడే గాలి లోపలికి రావాలి. చలికాలంలో తెల్లవారుజామున, రాత్రిపూట చల్లటి గాలి కిందికి అణిగి ఉండటంతో పొగ, ధూళి నేల దగ్గరే ఆగిపోతాయి. ఎండెక్కాక, మధ్యాహ్నం పూట కిటికీలు తీయడం మేలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో మీ ఊరి గాలి సూచీ చూసి తీస్తే ఇంకా మంచిది.

ఇంట్లోనే పుట్టే పొగ సంగతీ ఉంది. అగరబత్తి, సాంబ్రాణి, మస్కిటో కాయిల్, మిరపకాయల పోపు ఇవన్నీ పీఎం 2.5నే పుట్టిస్తాయి. దేవుడి గదిలో ధూపం మానేయమని ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు. ఆ కాసేపు కిటికీ తీసి ఉంచండి. వంట మొదలుపెట్టడానికి ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి.

2. వాలినదాన్ని తడితో తీయండి

పొడి చీపురుతో ఊడిస్తే సగం దుమ్ము మళ్లీ గాల్లోకి లేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా ఊడిస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఫ్యాన్ ఆపి, పైనుంచి కిందికి రండి. బూజుకర్రతో మూలలు, తర్వాత తడిగుడ్డతో ఫ్యాన్ రెక్కలు, అలమరల పైభాగం, ఆ తర్వాత బల్లలు, చివరగా నేల. వాక్యూమ్ క్లీనర్ కొనేట్టయితే హెపా ఫిల్టర్ (అతి సన్నటి ధూళిని కూడా పట్టే దట్టమైన పీచు ఫిల్టర్) ఉన్నదే కొనండి. లేనిది సన్నటి ధూళిని వెనకనుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకాలి, ముఖ్యంగా ఇంట్లో ఆస్తమా, తుమ్ములు ఉన్నవాళ్లుంటే.

3. ఏసీ ఫిల్టర్ కడగండి

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. లోపలుండే ప్లాస్టిక్ జాలీ పెద్ద నూగును, వెంట్రుకలను పడుతుంది, అంతకు మించి ఆశించొద్దు. వేసవిలో రెండు వారాలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, ముందు మూత ఎత్తి, జాలీలు బయటకు లాగి, దుమ్ము పట్టిన వైపు కిందికి ఉండేలా పట్టుకుని వెనకనుంచి కుళాయి నీళ్లు పోయండి. వేడి నీళ్లు వాడితే జాలీ వంకర పోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. కొందరు జాలీ మీద దళసరి బట్ట కడతారు. దాంతో గాలి ఆడక కాయిల్ మీద మంచు కట్టి, గోడ వెంట నీళ్లు కారతాయి.

4. ప్యూరిఫయర్ సైజు లెక్క కట్టండి

పెట్టె మీద రంగురంగుల అక్షరాల్లో ఎన్నో ఉంటాయి. మీరు వెతకాల్సింది రెండే. ఒకటి, నిజమైన హెపా, అంటే హెచ్13 తరగతి ఫిల్టర్. "హెపా టైపు" అని రాసుంటే పక్కన పెట్టేయండి. ఇక్కడో తమాషా. హెపా పట్టడానికి ఎక్కువ కష్టపడేది 0.3 మైక్రాన్లకు అటూ ఇటూ ఉన్న రేణువులతోనే. అంతకంటే చిన్నవి గాల్లో అటూ ఇటూ తుళ్లుతూ పోయి పీచుకు తగిలి అతుక్కుపోతాయి కాబట్టి ఇంకా తేలిగ్గా దొరుకుతాయి.

రెండోది సీఏడీఆర్, గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందన్న లెక్క. మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 35తో భాగిస్తే క్యూబిక్ మీటర్లు వస్తాయి. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న బెడ్‌రూమ్ అయితే సుమారు 41. గంటకు ఐదుసార్లు గాలి మారాలంటే 205 సీఏడీఆర్ కావాలి. నన్నడిగితే 300 తీసుకోమంటాను. పెట్టె మీది అంకె ఫుల్ స్పీడ్‌లోది, ఆ మోతలో ఎవరూ నిద్రపోలేరు. పెద్దది కొని మధ్య స్పీడులో నడుపుకోవడమే సుఖం.

వాసనలు పోవాలంటే కార్బన్ ఫిల్టర్ పనికొస్తుంది, దుమ్ముకు దాంతో సంబంధం లేదు. ఓజోన్ వదిలే మెషీన్లు కొనకండి, అది ఊపిరితిత్తులకు చేటు. కొనేముందే మార్చే ఫిల్టర్ ధర ఎంతో, మీ ఊళ్లో దొరుకుతుందో లేదో కనుక్కోండి. మెషీన్ చవగ్గా ఇచ్చి ఫిల్టర్ల దగ్గర గుంజేవి ఉన్నాయి.

5. పెట్టడం, నడపడం

చాలా మెషీన్లలో ఫిల్టర్ ప్లాస్టిక్ కవరు చుట్టుకునే వస్తుంది. విప్పకుండానే నెలలు నడిపేవాళ్లున్నారు. ముందు మూత తీసి చూడండి. గోడకు ఒక అడుగు దూరంలో, కర్టెన్ వెనకో సోఫా చాటునో కాకుండా పెట్టండి. ఒక మెషీన్‌తో ఇల్లంతా శుభ్రమవదు. మీరు ఎక్కువసేపు గడిపేది బెడ్‌రూమ్‌లోనే కాబట్టి అక్కడే పెట్టి, తలుపులు మూసి, పడుకోవడానికి అరగంట ముందు ఫుల్ స్పీడ్‌లో, తర్వాత మధ్య స్పీడులో నడపండి.

ప్యూరిఫయర్‌లో హెపాకు ముందుండే జాలీని రెండు వారాలకోసారి వాక్యూమ్‌తోనో బ్రష్‌తోనో శుభ్రం చేయాలి. లోపలి హెపాను మాత్రం కడగొద్దు, తడిస్తే దాని పని అయిపోయినట్టే. వాడకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది లోపు మార్చాలి. పక్కన కట్టడం పనులు నడుస్తుంటే ఇంకా ముందే. పాత ఫిల్టర్ తీసేటప్పుడు మాస్క్ కట్టుకుని, బాల్కనీలో తీసి, దులపకుండా కవర్లో పెట్టి మూతి ముడేసి పొడి చెత్తలో వేయండి.