ఆక్సిజన్ సెన్సర్ కొనే ముందు చేయాల్సిన పరీక్షలు, మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి

సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, మైలేజీ పడిపోయి, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వస్తుంటే చాలామంది ముందు ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేది) మార్చేస్తారు. ఆ సెన్సర్ రీడింగు తేడాగా వచ్చినంత మాత్రాన అది పాడైందని కాదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోలు పాళ్లే నిజంగా తప్పి ఉండొచ్చు. ఇక్కడ చెప్పేది బీఎస్4 కార్లలో మామూలుగా కనిపించే నాలుగు వైర్ల జిర్కోనియా సెన్సర్ గురించి. బీఎస్6 కార్లు కొన్నిటిలో ఉండే వైడ్‌బ్యాండ్ రకానికి ఈ వోల్టేజి లెక్కలు పనికిరావు.

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను ఫోన్‌లో చూపించే పరికరం) పెట్టి కోడ్ చదవండి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్నది సెన్సర్ 1, తర్వాత ఉన్నది సెన్సర్ 2. పి0135 వస్తే సెన్సర్ 1ను వేడిచేసే హీటర్ సర్క్యూట్‌లో లోపం, పి0133 వస్తే అది మందకొడిగా స్పందిస్తోంది, పి0134 వస్తే దాని రీడింగు అసలు కదలడం లేదు. పి0171 మాత్రం సెన్సర్ కోడ్ కాదు, మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని అర్థం. కారు ఇంకా కొనలేదా? అయితే కోడ్ లేదని సంబరపడకుండా, కోడ్స్ చెరిపాక తిరిగిన దూరం ఎంతో కూడా స్కానర్‌లో చూడండి. అది పది కిలోమీటర్లే అయితే మీరొస్తున్నారని ఎవరో తుడిచారన్నమాట.

ఇంజిన్‌ను పదిహేను నిమిషాలు వేడెక్కించి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి సెన్సర్ 1 వోల్టేజి గమనించండి. అది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య సుమారు సెకనుకోసారి పైకీ కిందికీ ఊగాలి. తెర మీద ఆ ఒక్క రీడింగే పెట్టుకోండి. నాలుగైదు పెడితే చవక స్కానర్లు నెమ్మదించి, మంచి సెన్సర్ కూడా మందకొడిగా కనిపిస్తుంది. సెన్సర్ 2 ఊగకూడదు, 0.6-0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి.

సెన్సర్ 1 వోల్టేజి కిందే ఆగిపోయిందా, అంటే పెట్రోలు తక్కువని చూపిస్తోందా? ఇంజిన్‌కు గాలి వెళ్లే గొట్టంలోకి, పెట్రోలులా మండే కార్బ్ క్లీనర్ స్ప్రే కొద్దిగా చిమ్మండి, వేడి సైలెన్సర్ పైపు మీద మాత్రం పడనివ్వొద్దు. వోల్టేజి వెంటనే 0.8 దాటి, అదనపు గాలి వెళ్లేలా చిన్న వాక్యూమ్ గొట్టం ఊడదీస్తే 0.2 కిందికి పడితే సెన్సర్ బాగున్నట్టే. అప్పుడు వెతకాల్సింది పగిలిన వాక్యూమ్ గొట్టం, నీరసించిన ఫ్యుయెల్ పంపు, సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ లీకు. ఒక స్పార్క్ ప్లగ్ మండకపోయినా ఇంతే. పెట్రోలు వృథాగా పోతున్నా, కాలని ఆక్సిజన్ బయటికొచ్చి మిశ్రమం పలచనైనట్టు చూపిస్తుంది.

హీటర్ కోడ్ వస్తే ముందుగా ఫ్యూజు చూడండి. ఇంజిన్ చల్లారాక కనెక్టర్ విప్పి, సెన్సర్ వైపు ఒకే రంగున్న రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే చాలా సెన్సర్లలో 3 నుంచి 15 ఓమ్‌ల మధ్య రావాలి. అసలేమీ చూపించకపోతే హీటర్ కాలిపోయింది, సెన్సర్ మార్చాల్సిందే. ఓమ్‌లు సరిగా ఉంటే లోపం కారు వైరింగ్‌లో ఉంటుంది. ఎలుకలు కొరికిన చోటు ఒకటి. బయట సీఎన్‌జీ కిట్ బిగించినప్పుడు సెన్సర్ వైరు చెక్కి, టేపు చుట్టి వదిలేసిన అతుకు ఇంకొకటి.

కొత్తది కొనేటప్పుడు పాత దాని మీదున్న పార్ట్ నంబరే అడగండి. వైర్లు కత్తిరించి అతికించే యూనివర్సల్ రకం వద్దు. చాలా సెన్సర్లు పోల్చిచూసుకోవడానికి బయటి గాలిని వైర్ల లోపలి నుంచే పీల్చుకుంటాయి. టంకం పెట్టినా, కనెక్టర్‌లో గ్రీజు నింపినా ఆ దారి మూసుకుపోతుంది.

తుప్పు వదిలించే నూనె చల్లని పైపు మీదే మర దగ్గర చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఇంజిన్‌ను కొంచెం వేడి చేసి ఆపి, బ్యాటరీ మైనస్ తీసి, గ్లౌజులు వేసుకుని, వైరు దూరేందుకు చీలిక ఉన్న 22 నంబర్ సాకెట్‌తో విప్పండి. మామూలు పానా మూలలు అరగదీస్తుంది. కదలకపోతే కాస్త బిగించి మళ్లీ వదులు చేయండి. పైపు వైపు మర దెబ్బతింటే ఎం18×1.5 ట్యాప్‌తో సరిచేయాలి.

తీసిన సెన్సర్ కొన చూడకుండా పారేయొద్దు. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లటి పొర కూలెంట్ లీకు వల్లగానీ, గ్యాస్కెట్‌కు పూసిన సిలికాన్ వల్లగానీ వస్తుంది. జిడ్డు పేరుకుంటే ఇంజిన్ ఆయిలు తాగుతోంది. ఆ మూలం ఆపకపోతే కొత్తదీ అలాగే పోతుంది.

కొత్తదాని మరకు కంపెనీ పూత ఉంటే చాలు, లేకపోతే యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాయండి. కొనకు అంటకూడదు. చేత్తో చివరిదాకా తిప్పి, టార్క్ రెంచితో 40 న్యూటన్ మీటర్ల దగ్గరలో బిగించండి. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. వైరు వేడి పైపుకు తగలకుండా పాత క్లిప్పులోనే పెట్టాలి.

కోడ్ చెరిపి, ఊళ్లోనూ హైవే మీదా కలిపి యాభై కిలోమీటర్లు తిప్పాక స్కానర్‌లో ఫ్యుయెల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) చూడండి. షార్ట్ (అప్పటికప్పటిది), లాంగ్ (కొంతకాలంగా ఉన్నది) రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపుంటే పని అయినట్టే. ఇంకా 20 దగ్గరే ఉంటే అసలు లోపం వేరే చోట ఉంది.

కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పి0420 కోడ్ వస్తే సెన్సర్ 2 కొనడం చాలావరకు దండగ, సాధారణంగా అరిగేది కన్వర్టరే. కొందరు సెన్సర్ 2 కింద స్పేసర్ (సెన్సర్‌ను పైపు నుంచి ఎడంగా నిలిపే చిన్న ముక్క) పెట్టి లైటు ఆర్పుతారు. కొనబోయే కారు కింద అది కనిపిస్తే, కొత్త కన్వర్టర్ ఖర్చు తగ్గించుకునే బేరమాడండి.